సొంత ఊరి ఫైనల్‌కి పరాయి ఊళ్లో గది

మెల్‌బోర్న్‌లో పులిహోర తిన్నందుకు మా కార్డు మీద 180 డాలర్లు లాగేశారు. నేను రాయాలని కూర్చున్నది ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి, ఫైనల్ మ్యాచ్‌లు ఏ ఊళ్లో పెట్టాలన్న తగువు గురించి. కానీ ఆ 180 గుర్తొచ్చినప్పుడల్లా కడుపు మండిపోతోంది కాబట్టి, ఈ మాటల్లో మెల్‌బోర్న్ మీద కాస్త కారం ఎక్కువ పడితే ఏమీ అనుకోకండి.

మేం ఉండేది బ్రిస్బేన్‌లో. నేను మా ఊరి ఫుటీ జట్టు లయన్స్ అభిమానిని. మా అన్నయ్య జిలాంగ్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్లల కంటే ముందు తను ఆ ఊరి జట్టు క్యాట్స్ మెంబర్‌షిప్ తీసుకున్న రకం. మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదు. 2025 సెప్టెంబరు మొదటి వారంలో ఆయనకి అడిలైడ్‌లో ఆఫీసు పని పడింది. గురువారం రాత్రి అక్కడే అడిలైడ్-కాలింగ్‌వుడ్ ఫైనల్, శుక్రవారం రాత్రి మెల్‌బోర్న్‌లో జిలాంగ్-బ్రిస్బేన్ ఫైనల్. ఇంత కలిసొచ్చాక నేను ఇంట్లో ఎందుకుంటాను? వెంటపడి వెళ్లాను.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మొత్తం 18 జట్లు. మధ్య రెండు స్తంభాల మధ్యలోంచి బంతిని తంతే 6 పాయింట్లు, పక్క స్తంభాల సందులోంచి పోతే 1. 2025లో లీగ్ మ్యాచ్‌లు అయ్యాక పై 8 జట్లు సెప్టెంబరులో ఫైనల్స్ ఆడాయి. వాటిలో మొదటి నాలుగింటికీ మొదటి వారం ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఒకటో జట్టు నాలుగో దానితో, రెండోది మూడో దానితో ఆడతాయి. పైనున్న జట్టుకి సొంత గడ్డ మీద ఆడే హక్కు. కాగితం మీద చాలా న్యాయంగా ఉంది కదా. మరి జిలాంగ్ రెండో స్థానంలో వచ్చింది, మా బ్రిస్బేన్ మూడో స్థానంలో వచ్చింది. మ్యాచ్ మాత్రం జిలాంగ్‌లో కాదు, అక్కడికి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో. మా అన్నయ్య ఏళ్లుగా గొంతు చించుకునేది దీని గురించే.

అడిలైడ్ గురించి చెప్పుకోవడానికి తగువేం లేదు. నార్త్ అడిలైడ్‌లో రాత్రికి 165 డాలర్ల గది, శుభ్రంగా ఉంది, అంతే. టికెట్లు ఒక్కొక్కటి 62. ఆ టికెట్ ఉంటే ఊళ్లో బస్సులూ రైళ్లూ మ్యాచ్‌కి ఉచితం, మళ్లీ విడిగా కార్డు తియ్యక్కర్లేదు. రైల్వే స్టేషన్ పక్కన్నుంచి టోరెన్స్ నది మీద నడక వంతెన ఉంది. దాని మీద పడితే జనంతోపాటు మనమూ తిన్నగా స్టేడియం గుమ్మంలోకి వెళ్లిపోతాం. మా సీట్లు ఉత్తరం వైపు గడ్డి గట్టుకి దగ్గర్లో దొరికాయి. అక్కడ పెద్ద మర్రి జాతి చెట్లు, వాటి ముందు 1911 నాటి స్కోర్‌బోర్డు. ఇప్పటికీ లోపల మనుషులు కూర్చుని అంకెలు మారుస్తారు. మా ఆయన ఆట వదిలేసి అరగంట సేపు దాన్నే చూశారు. 53,500 మంది పట్టే చోటు, దాదాపు అందరూ ఒకే జట్టువాళ్లు. ఆ అరుపుకి నా కాఫీ కప్పు మూత వణికింది. అంత చేసినా కాలింగ్‌వుడ్ 24 పాయింట్లతో గెలిచేసింది. తిరిగి వంతెన మీద వచ్చేటప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు. ఓడారు, కానీ వాళ్ల ఇంట్లో ఓడారు. ఏడవాలన్నా పావుగంటలో ఇల్లు చేరి ఏడవచ్చు.

పొద్దున్నే విమానం, మనిషికి 189. అడిలైడ్ గడియారం మెల్‌బోర్న్ కంటే అరగంట వెనక నడుస్తుంది. అది మా ఆయన గుర్తుంచుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఇక ఆ గది. రిచ్‌మండ్ వైపు, స్టేడియానికి ఇరవై నిమిషాల నడక అని చూసి రాత్రికి 289 పెట్టి తీసుకున్నాం. రిసెప్షన్‌లో మనిషి లేడు. గోడకి ఓ డబ్బా, దానికో నంబరు, అందులో తాళం. ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తి, గది మూడింటికి గానీ సిద్ధం కాదన్నాడు. మూడింటికి వెళ్తే నాలుగన్నాడు. అన్నయ్య జిలాంగ్ నుంచి 11 డాలర్ల రైలు టికెట్ కొనుక్కుని అప్పటికే దిగాడు. సామాన్లతో ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. అర్ధరాత్రి మళ్లీ రైలెక్కడం ఎందుకు, సోఫా మీద పడుకుంటాడని ముందే అనుకున్నాం, గది ముగ్గురికని రాసే ఉంది. అయినా మూడో మనిషికి 55 కట్టమన్నాడు. దుప్పటికట. ఆ దుప్పటి ఎంత పల్చగా ఉందంటే అన్నయ్య దాని మీద తన జిలాంగ్ స్కార్ఫ్ పరుచుకుని పడుకున్నాడు. కిటికీ తీస్తే రైలు పట్టాలు. ప్రతి పది నిమిషాలకీ అద్దం గడగడమంటుంది.

వదిన స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం, చిన్న సీసాలో ఆవకాయ పంపింది. మ్యాచ్‌కి ముందు ఐదింటికి మంచం అంచున కూర్చుని తిన్నాం. పొయ్యి లేదు, మైక్రోవేవ్ లేదు, నీళ్లు కాచుకునే కెటిల్ ఒక్కటే ఉంది. డబ్బాలు కడిగి సర్దేశాం, మెతుకు కూడా కింద పడలేదు. శనివారం పదింటికి తాళం డబ్బాలో వేసి వచ్చేశాం. సోమవారం చూస్తే కార్డు మీద 180. మెయిల్ రాస్తే జవాబొచ్చింది: గదిలో వంట చేసిన ఘాటు వాసన వచ్చిందట, ప్రత్యేకంగా కడిగించాల్సి వచ్చిందట, అది వాళ్ల నియమమట. పొయ్యే లేని గదిలో వంట ఎలా చేశామో చెప్పమని, కడిగించిన బిల్లు పంపమని రాశాను. బిల్లు రాలేదు, నియమం మాత్రం మళ్లీ వచ్చింది. అదే వరండాలో బీరు ఇంకిన కార్పెట్ వాసన, పక్క గదిలోంచి వేయించిన మాంసం వాసన ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇంగువ ఒక్కటే నేరం.

మా ఆయన "వదిలెయ్యవే, ఇంకో ఫుటీ టికెట్ అనుకో" అన్నారు. అన్నయ్యకి మాత్రం డబ్బుకన్నా వదిన పులిహోరని కంపు అన్నందుకు కోపం. బ్యాంకుకి ఫిర్యాదు చేశాక 90 తిరిగొచ్చింది, ఏదో దయతలచి ఇస్తున్నట్టు ఒక వాక్యం రాసి. మిగతా 90 కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇలాంటి ఊళ్లో గది తీసుకునేవాళ్లకి ఒకటే చెప్తాను: తాళం వెనక్కి ఇచ్చే ముందు ఫోన్లో గదంతా వీడియో తీసుకోండి, కెటిల్‌తో సహా. వాసన వీడియోలో పడదు నిజమే, పొయ్యి లేదన్నది మాత్రం పడుతుంది.

సరే, మ్యాచ్. యారా పార్కులోంచి నడిచి వెళ్తుంటే మెల్‌బోర్న్ మీద కోపం కాసేపు తగ్గిందని ఒప్పుకోవాలి. ఆ గ్రౌండ్ అలాంటిది. 100,024 మంది పడతారు. మా ఆయన మెట్లెక్కగానే మైదానం వైపు చెయ్యి చాపి, "2024 డిసెంబర్లో మన విశాఖ కుర్రాడు నితీశ్ ఇక్కడే 114 కొట్టాడు, వాళ్ల నాన్న ఈ స్టాండ్లలోనే ఎక్కడో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు" అని మొదలుపెట్టారు. ఆ రాత్రి ఆయన పలికిన మొదటి ఉత్సాహపు మాట అదే, చివరిదీ అదే. చిప్స్‌కీ రెండు కాఫీలకీ 21 డాలర్లు. చలి ఎముకల్లోకి దిగుతోంది.

మా పక్క సీట్లో జిలాంగ్ పెద్దాయన ఒకరు, మోకాళ్ల మీద ఉన్ని దుప్పటి, ఫ్లాస్కులో టీ. అన్నయ్య "ఈ మ్యాచ్ మన ఊళ్లో జరగాల్సింది" అనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. కార్డీనియా పార్కులో పట్టేది 40,000. అక్కడ పెడితే తనకి సీటు దొరుకుతుందేమో గానీ ఇద్దరు మనవళ్లకి దొరకదు, ఇక్కడైతే ముగ్గురూ వచ్చారు అన్నాడు. అదీగాక 2022లో ఫైనల్స్ మూడూ ఇక్కడే ఆడి, ఇక్కడే కప్పు ఎత్తాం, ఈ గడ్డ మనకేం చెడు చేసిందని అడిగాడు. 2013లో ఒక్కసారి జిలాంగ్‌లోనే ఫైనల్ పెడితే ఫ్రీమాంటిల్ వాళ్లు పెర్త్ నుంచి వచ్చి ఓడించి పోయిన సంగతి కూడా ఆయనే గుర్తుచేశాడు.

అన్నయ్య ఊరుకుంటాడా? 2017 తీశాడు. అప్పుడూ జిలాంగ్‌ది రెండో స్థానమే, పేరుకి సొంత మ్యాచే. ఎదుటి జట్టు రిచ్‌మండ్, దాని సొంత మైదానమే ఈ గ్రౌండ్. వచ్చిన 95,028 మందిలో ఎక్కువమంది ఒంటిమీద రిచ్‌మండ్ రంగులైన పసుపూ నలుపే. జిలాంగ్ 51 పాయింట్లతో ఓడింది. 2019లో మొదటి స్థానంలో నిలిచి, ఇక్కడే కాలింగ్‌వుడ్‌తో ఆడి 10 పాయింట్లతో ఓడింది. "ఏడాదంతా కష్టపడి పైన నిలిస్తే, అతిథులకి ఇంటి తాళం ఇచ్చి మనం వరండాలో పడుకున్నట్టు ఉంది" అన్నాడు. పెద్దాయన నవ్వి అతనికీ ఒక కప్పు టీ పోశాడు. మా ఆయన నా చెవిలో "వీళ్లు జట్టు గెలవాలనుకుంటున్నారా, వాదన గెలవాలనుకుంటున్నారా" అన్నారు.

ఆ రాత్రి జట్టే గెలిచింది. జిలాంగ్ 112, మాది 74. మా లాకీ నీల్ కాలి పిక్క పట్టేసి బయటికి వెళ్లిపోయాక నేను స్కోర్‌బోర్డు చూడడం మానేశాను.

శనివారం అన్నయ్యతో జిలాంగ్ వెళ్లాం. సదరన్ క్రాస్ నుంచి గంట ప్రయాణం. దారిలో టార్నీట్ స్టేషన్ రాగానే పెట్టె నిండా తెలుగే, ఎవరో పిల్లాడికి ఎక్కాలు అప్పజెప్పిస్తున్నారు. వదిన భోజనం గురించి చెప్తే ఇంకో వ్యాసం అవుతుంది. సాయంత్రం నడుచుకుంటూ కార్డీనియా పార్కుకి వెళ్లాం. 1859లో పుట్టిన క్లబ్బు. కొత్త స్టాండుకి వాళ్ల పాత కెప్టెన్ జోయెల్ సెల్‌వుడ్ పేరు పెట్టారు. గేట్లన్నీ మూసి ఉన్నాయి. అన్నయ్య కడ్డీల్లోంచి లోపలి పచ్చిక చూస్తూ లెక్క చెప్పాడు: రైలు 11, దుప్పటి 55, గది భాగం, తిండి. ఇక్కడైతే చెప్పులేసుకుని నడిచి వచ్చేవాణ్ణి అన్నాడు.

నాకు ఇంతకుముందు ఈ తగువులో పెద్ద అభిప్రాయం ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. పెద్దాయన మనవళ్ల మాట నిజమే, సీట్లు తక్కువైతే కొందరు ఇంట్లో టీవీ చూడాల్సి వస్తుంది. కానీ అడిలైడ్‌కి అడిలైడ్‌లో, పెర్త్ జట్లకి పెర్త్‌లో ఆడే హక్కు ఉన్నప్పుడు, జిలాంగ్‌కి మాత్రం "మీ ఇల్లు చిన్నది, మా ఇంట్లో పెళ్లి చేసుకోండి" అనడం ఏం ధర్మం? మొదటి వారం మ్యాచ్ అయినా వాళ్ల ఊళ్లో పెట్టాలి. ఇది లయన్స్ అభిమానిగా నా నోటితో అంటున్న మాట. మాకూ ఈ గాయం తెలుసు. 2004లో మేం రెండో స్థానంలో ఉండి కూడా, ప్రిలిమినరీ ఫైనల్ (కప్పు మ్యాచ్‌కి ముందు వారం ఆడేది) ఒకటి తప్పనిసరిగా ఈ గ్రౌండ్‌లో జరగాలన్న ఒప్పందం వల్ల, జిలాంగ్‌తో ఆడడానికి మెల్‌బోర్న్ రావాల్సొచ్చింది. 9 పాయింట్లతో గెలిచి గట్టెక్కాం గానీ, తర్వాత వారం పోర్ట్ అడిలైడ్ చేతిలో ఓడాం. ఆ షరతు తర్వాత సడలించారు.

కప్పు ఎవరిదో తేల్చే ఆఖరి మ్యాచ్ గ్రాండ్ ఫైనల్ సంగతి వేరు. అది 2059 దాకా మెల్‌బోర్న్‌కే రాసిచ్చేశారు. కోవిడ్ వల్ల 2020లో మా బ్రిస్బేన్ మైదానం గబ్బాకీ, 2021లో పెర్త్‌కీ వెళ్తే, ఆ రెండేళ్లకి బదులు ఒప్పందాన్ని రెండేళ్లు పొడిగించారు కూడా. గబ్బాలో ఆ రాత్రి 29,707 మందినే రానిచ్చారు. పెర్త్‌లో 61,118 మంది వచ్చారు. ఏటా ఊరు మారుస్తూ పెట్టాలనేవాళ్లు పెర్త్‌నే చూపిస్తారు. ఇందులో నేను మెల్‌బోర్న్ పక్షమే. లక్ష మంది పట్టే చోటు ఈ దేశంలో ఇంకోటి లేదు. ముందురోజు శుక్రవారం ఆ రాష్ట్రమంతా సెలవిస్తారు. పైగా అక్కడ గెలిస్తే వచ్చే కిక్కు వేరే. సెప్టెంబరు 27న మా లయన్స్ అదే గ్రౌండ్‌లో, అదే జిలాంగ్‌ని 47 పాయింట్లతో కొట్టినప్పుడు అన్నయ్యకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు వదిన ఎత్తింది.

ఆ మ్యాచ్‌కి వెళ్దామని మేమూ అనుకున్నాం. మేం 289కి తీసుకున్న గదే ఆ వారాంతం రాత్రికి 640 చూపించింది. అందుకని ఎవరైనా వచ్చే ఏడాది వెళ్లాలనుకుంటే, నగరం మధ్యలో గది జోలికి పోకండి. జిలాంగ్‌లోనో, టార్నీట్ వైపో తెలిసినవాళ్లుంటే మొహమాటపడకుండా దిగి రైల్లో వెళ్లిరండి. డబ్బాలు తీసుకెళ్లేవాళ్లు యారా పార్కులో చెట్ల కింద కూర్చుని తినండి, అక్కడ ఎవరూ బిల్లు వెయ్యరు. మొదటి వారం ఫైనల్ ఒక్కటే చూడాలంటే మాత్రం ఆలోచించకుండా అడిలైడ్ వెళ్లండి, గట్టుకి దగ్గర్లో సీటు చూసి కొనుక్కోండి.