వెడల్పాటి మమ్మీ బ్యాగా, క్విల్టా? చలి ట్రెక్కులకు ఏది మేలు?

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, బే ఏరియాలో నాతో కొండలెక్కే మిత్రుల నుంచి ఒకటే ప్రశ్న. "మమ్మీ బ్యాగులో పడుకుంటే కాళ్లూ చేతులూ కట్టి పడేసినట్టుంటోంది. కాస్త విశాలంగా, తేలిగ్గా ఉండి చలికి ఆగేది ఏదైనా ఉంటే చెప్పు." ఈమధ్యే నేను కూడా పాత బ్యాగు పక్కనపెట్టి కొత్తది కొన్నాను. ఆ వేడిమీదే రాసేస్తున్నాను. మమ్మీ బ్యాగంటే తలకు హుడ్ ఉండి, కాళ్లవైపు సన్నబడే స్లీపింగ్ బ్యాగు. క్విల్టంటే వీపు కింద గుడ్డ లేకుండా దుప్పటిలా పైన కప్పుకునేది.

చలి అంటే ఏ చలో ముందే అనుకుందాం. సియెర్రా నెవాడాలో అక్టోబరు, లేదా మే నెలాఖరు. తొమ్మిది పదివేల అడుగుల ఎత్తున టెంట్. తెల్లవారుజామున 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్. ఇకపై చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్ లెక్కే. యోసెమిటీలోని టువాలమీ మెడోస్ లాంటి పచ్చిక బయళ్లలోకి రాత్రిపూట చల్లగాలి దిగి నిలిచిపోతుంది కాబట్టి అక్కడ ఇంకాస్త తక్కువ కూడా ఉంటుంది. జనవరిలో మంచు తవ్వి క్యాంపు వేసేవాళ్ల లెక్కలు వేరు, ఈ మాటలు వాళ్లకు సరిపోవు.

బ్యాగు ఎంత చలిదాకా ఆగుతుందో చెప్పే లేబుల్ మీద అంకె గురించి అందరికీ తెలిసిందే కానీ, మన ప్రశ్నకు సంబంధించిన ఒక్క సంగతి చాలామంది గమనించరు. స్లీపింగ్ బ్యాగుల వెచ్చదనాన్ని కొలిచే ఐఎస్‌ఓ 23537 పరీక్షలో కంఫర్ట్ అంకె సగటు మహిళ ఒంటిని వదులుగా ఉంచి పడుకున్నప్పటి లెక్క. లిమిట్ అంకె సగటు మగవాడు కాళ్లు డొక్కలోకి ముడుచుకుని పడుకున్నప్పటి లెక్క. రెండింటికీ మధ్య పది డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా మామూలే. మగవాళ్ల బ్యాగుల మీద ఎక్కువగా ఆ లిమిట్ అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. ముడుచుకుంటేనే వర్తించే అంకె అది! ముడుచుకోవడానికి చోటే లేని బ్యాగు కొని "20 అన్నాడు, 30కే వణికిపోయాను" అంటే ఏం లాభం?

"బ్యాగులో ఖాళీ ఎక్కువైతే ఆ గాలినంతా మన ఒంటి వేడితో వెచ్చబెట్టాలి, అందుకే బిగుతుగా ఉన్నదే వెచ్చన" అని షాపులో అందరూ చెప్పే మాట. అబద్ధం కాదు, సగం నిజం. వెల్లకిలా కదలకుండా పడుకునేవాడికి అది నిజమే. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకునే అలవాటున్నవాడు సన్నటి బ్యాగులో ఏం చేస్తాడో చూడండి. మోకాలు లోపలి గుడ్డను తోసుకుంటూ వెళ్లి బయటి గుడ్డకు ఆనుతుంది. ఆ రెండు పల్చటి నైలాన్ పొరల మధ్య ఉన్న డౌన్ (పక్షుల మెత్తటి నూగు) నలిగి పక్కకు జరిగిపోతుంది. ఇక ఆ చోట మనకూ మంచుగాలికీ మధ్య మిగిలేది గుడ్డే. అర్ధరాత్రి మోకాలి చిప్ప దగ్గరా, పిరుదుల దగ్గరా అరచేయంత మేర చల్లగా తగులుతోందంటే కారణం ఇదే. డౌన్ ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫిల్ పవర్ 850 ఉన్నా 950 ఉన్నా నలిగిన చోట ఒకటే.

అందుకే నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది భుజాల దగ్గరా, తుంటి దగ్గరా బ్యాగు లోపలి చుట్టుకొలత. బరువు, ధర, బ్రాండు అన్నీ దాని తర్వాతే. చుట్టుకొలతల్లో ఒక తిరకాసుంది. బ్యాగుకీ బ్యాగుకీ తేడా ఐదారు అంగుళాలని చదవగానే చాలా చోటు దొరుకుతుందనిపిస్తుంది. ఆ ఆరు అంగుళాలు ఒంటి చుట్టూ పరుచుకుంటాయి కాబట్టి, ఒంటికీ గుడ్డకీ మధ్య పెరిగేది ఒక్క అంగుళం లోపే. ఇదే లెక్క ఇటు తిప్పి చూడండి. అంగుళం మందమున్న పఫ్ఫీ (లోపల నింపి ఉబ్బెత్తుగా ఉండే) జాకెట్ వేసుకుని లోపలికి దూరితే చుట్టుకొలతలో ఆరు అంగుళాలు అదే తినేస్తుంది. చలి ట్రెక్కులో పఫ్ఫీ ఎలాగూ మోసుకెళ్తాం. రాత్రి దాన్ని తలకింద పెట్టుకోవడం కంటే ఒంటిమీదే ఉంచుకుంటే బ్యాగు మీద ఐదో పదో డిగ్రీలు కలిసొస్తాయి. సన్నటి బ్యాగులో అదే జాకెట్ లోపలినుంచి తోసి బ్యాగు ఉబ్బును చంపేస్తుంది. రెండిటికీ డబ్బులు పెట్టి ఒక్కదాని వెచ్చదనంతో సరిపెట్టుకోవాలన్నమాట.

కొనేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. పఫ్ఫీ వేసుకుని, చేతులు పక్కలకు ఆనించి నిలబడి, భుజాల కింద అతి వెడల్పైన చోట దర్జీ టేపుతో ఎవరిచేతైనా కొలిపించండి. మనకు మనం కొలుచుకుంటే చేతులు లేస్తాయి, కొలత తప్పుతుంది. వచ్చిన అంకెకు వెల్లకిలా పడుకునేవాళ్లు ఆరు అంగుళాలు, పక్కకు తిరిగేవాళ్లు పది దాకా కలుపుకోండి. ఇది పరీక్షల్లో తేలిన సూత్రం కాదు, నా కొండగుర్తు. నాకు 54 వచ్చింది, అంటే 64 కావాలి.

ఇప్పుడు అసలు పోలిక. శాన్ హోసేలో ఉన్న వెస్టర్న్ మౌంటెనీరింగ్ వాళ్లవి అల్ట్రాలైట్, ఆల్పిన్‌లైట్ అని రెండు బ్యాగులున్నాయి. రెండూ 20 డిగ్రీలవే, డౌన్ ఒకే రకం. మొదటిది భుజాల దగ్గర 59 అంగుళాలు, రెండోది 64. బరువులో తేడా రెండు మూడు ఔన్సులు. పెద్దదైనా కిలోకు తక్కువే. సియాటిల్‌లోని ఫెదర్డ్ ఫ్రెండ్స్ వాళ్లు కూడా సన్నవాళ్లకు హమ్మింగ్‌బర్డ్, మిగతావాళ్లకు స్వాలో అని ఇలాగే రెండు కొలతల్లో కుడతారు. బ్రాండు ఏదైనా సరే, ఒకే కంపెనీలో ఒకే ఉష్ణోగ్రతకున్న సన్నదాన్నీ వెడల్పుదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ చోటు కోసం మనం అదనంగా మోసేది ఒక చాక్లెట్ బార్ బరువే. పైగా ఆల్పిన్‌లైట్ లాంటి బ్యాగుల్లో డౌన్ నింపే గొట్టాలను పైభాగం నుంచి కిందిభాగానికి అడ్డుగోడల్లేకుండా కుడతారు. చలి ఎక్కువున్న రాత్రి అంచులు పట్టుకుని దులిపితే కిందున్న డౌన్ పైకి వస్తుంది. వెన్ను కింద ఎలాగూ నలిగి వృథాయే కాబట్టి అది పైనే మేలు.

వెడల్పు బ్యాగు కొనేవాళ్లు మెడ దగ్గర డౌన్ నింపిన కాలరుందో లేదో తప్పకుండా చూడాలి. లోపల ఖాళీ ఉన్న బ్యాగులో మనం కదిలిన ప్రతిసారీ వెచ్చటి గాలి మెడ దగ్గరనుంచి బుస్సున బయటికి పోతుంది. కాలరుంటే ఆగుతుంది. జిప్పు వెంట దళసరి డౌన్ పట్టీ కూడా ఉండాలి. ఈ రెండూ లేని వెడల్పు బ్యాగు కంటే సన్నదే నయం.

ఇక క్విల్టు. దాని మీద నాకేం కోపం లేదు. జూలై, ఆగస్టుల్లో నేనూ దాన్నే తీసుకెళ్తాను. జిప్పు లేదు, హుడ్ లేదు, వీపు కింద గుడ్డ లేదు. కాళ్లు ఎటు కావాలంటే అటు. చిన్నప్పటినుంచి దుప్పట్లు కప్పుకున్న ప్రాణాలకు ఇంతకంటే అలవాటైన పద్ధతి ఉండదు. ఎన్‌లైటెండ్ ఎక్విప్‌మెంట్ లాంటి వాళ్ల 20 డిగ్రీల క్విల్టు ఆరు వందల గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. కాగితం మీద మమ్మీ బ్యాగు ఇక ఆనదు.

చలి పెరిగే కొద్దీ ఈ లెక్క మారుతుంది. తలకు విడిగా డౌన్ హుడ్డు కావాలి. పక్కకు తిరిగేవాళ్లకు 50, 54 అంగుళాల వెడల్పు చాలదు, 58ది తీసుకోవాలి. అంచులు కింద పరుచుకునే ప్యాడ్‌కు బిగించే పట్టీలు కావాలి. మార్జిన్ కోసం అనుభవజ్ఞులు పది డిగ్రీలు ఎక్కువ వెచ్చనిది కొనమంటారు, నేనూ అదే అంటాను. ఇవన్నీ కలిపి తూచి చూడండి, క్విల్టుతో ఆదా అయిన బరువు చాలామటుకు కరిగిపోయి ఉంటుంది. ఇంతా చేసి, రాత్రి అటు నుంచి ఇటు దొర్లినప్పుడు నడుం దగ్గర ఒక సందు తెరుచుకుంటుంది. 40 డిగ్రీల్లో ఆ గాలి హాయి. 20 డిగ్రీల్లో నిద్ర ఎగిరిపోతుంది. పట్టీలు బిగించి బొమ్మలా కదలకుండా పడుకుంటే రాదు, నిజమే. అలా పడుకోగలిగితే మనకు సన్నటి మమ్మీ బ్యాగే చాలు కదా!

కాబట్టి రాత్రి ఉష్ణోగ్రత నీళ్లు గడ్డకట్టే దాకా దిగదనుకుంటే క్విల్టు, అంతకంటే దిగితే వెడల్పాటి మమ్మీ. నా తీర్పు ఇదే. క్విల్టు భక్తులు ఒప్పుకోరని తెలుసు.

చెంచా ఆకారంలో భుజాల దగ్గరా మోకాళ్ల దగ్గరా ఉబ్బి ఉండే నెమో డిస్కో లాంటివి అడుగుతుంటారు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు సుఖం, అనుమానమే లేదు. ధర మూడు వందల డాలర్ల చుట్టుపక్కల. పైన చెప్పిన ఆల్పిన్‌లైట్ ఆరు వందలు దాటుతుంది కాబట్టి ఇది పెద్ద తేడానే. కాకపోతే 15 డిగ్రీలది కిలో దాటుతుంది, సంచిలో చోటు కూడా ఎక్కువ తింటుంది. సియెర్రాలో చాలాచోట్ల ఎలుగుబంట్ల నుంచి తిండిని కాపాడే గట్టి డబ్బా తప్పనిసరి. అది సంచి మధ్యలో కూర్చున్నాక మిగిలిన చోట్లోనే బ్యాగు నొక్కాలి. రోజుకు నాలుగైదు మైళ్లు నడిచి ఒకేచోట రెండు రాత్రులు ఉండేవాళ్లు నిక్షేపంగా దీన్ని కొనుక్కోవచ్చు.

దీర్ఘచతురస్రం బ్యాగులు కారు క్యాంపింగ్‌కు. ఇద్దరు పడుకునే డబుల్ బ్యాగులు తూకంలో మెరుగే గానీ, ఒకరు లేస్తే ఇద్దరూ లేవాలి. సింథటిక్ అయితే తడికి బాగా ఆగుతుంది, అదే వెచ్చదనానికి బరువెక్కువ. వర్షాలెక్కువుండే వాషింగ్టన్ వైపు ఆలోచించవచ్చు. పక్షి ఈకలు వద్దనుకునే శాకాహారులకు కూడా అదే దారి. పక్షులను హింసించలేదని ఆర్‌డీఎస్ ముద్ర ఉన్న డౌన్ దొరుకుతుంది కానీ, అది చాలో చాలదో ఎవరి మనసుకు వారే చెప్పుకోవాలి.

బ్యాగు వెడల్పు చేసుకుని ప్యాడ్ మాత్రం 20 అంగుళాలదే ఉంచుకుంటే మోచేయి నేలమీదికి జారుతుంది. 25 అంగుళాలది తీసుకోండి. నేల చలిని ప్యాడ్ ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ వాల్యూ 4కు తగ్గకూడదు. థర్మరెస్ట్ ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీది 4.5, మనం అనుకున్న చలికి సరిపోతుంది. నేలనుంచి వచ్చే చలిని ఏ బ్యాగూ ఆపలేదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఇంకోటి చెప్పాలి. ముసుగుతన్ని పడుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. విశాలమైన బ్యాగు చేతికొస్తే తల కూడా లోపలికి లాక్కోవాలనిపిస్తుంది. వద్దు. రాత్రంతా వదిలిన ఊపిరిలోని తేమ డౌన్‌లోకి దిగుతుంది. రెండో రాత్రికి, మూడో రాత్రికి గొట్టాల్లో ఉండలు చేతికి తగులుతాయి, ఉబ్బు తగ్గిపోతుంది. ముక్కూ నోరూ బయటే ఉంచి, హుడ్ తాడు వాటి చుట్టూ బిగించుకోండి. ముక్కు మరీ చల్లబడితే బఫ్ (మెడకూ మొహానికీ చుట్టుకునే గుడ్డ) కట్టుకోండి. పొద్దున్నే టెంట్ సర్దేముందు పావుగంట బ్యాగును ఎండలో రాతిమీద పరిస్తే పట్టిన ఆ కొంచెం తేమా పోతుంది.

చివరగా, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "డిసెంబర్‌లో కేదార్‌కంఠ వెళ్తున్నాం, వచ్చేటప్పుడు నీలాంటి బ్యాగొకటి తెచ్చిపెట్టు" అనే బావమరుదులకు నా సమాధానం, వద్దు. ఆ గ్రూపు ట్రెక్కుల్లో స్లీపింగ్ బ్యాగులు సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు, కంచర గాడిదలు మోస్తాయి. మోసేది మనం కానప్పుడు గ్రాములు తగ్గించడానికి యాభై వేల రూపాయలు పైన పెట్టడం దండగ. వాళ్లిచ్చేది బిగుతుగా ఉంటే పెద్ద సైజు కావాలని బేస్ క్యాంపులోనే అడగండి, లోపల వేసుకోవడానికి ఫ్లీస్ లైనరొకటి పట్టుకెళ్లండి. సొంతంగా టెంటూ వంటసామానూ మోసుకుని వెళ్లే మొనగాళ్లుంటే మాత్రం కొలత పంపండి. పఫ్ఫీ వేసుకుని తీసిన కొలతే సుమా.