బ్రాడీపేటలో ఫ్రేము కట్టించా: పని బాగుంది, తొందరే ఎక్కువ

షాపు పేరు రాయను, సగం తిట్టబోతున్నా కాబట్టి.

మా పెదనాన్నగారు గుంటూరులో చర్చి క్వయర్ నడుపుతారు. ఆయనకిద్దామని పాత గ్రీకు ఆరాధన పుస్తకంలోని ఒక్క ఆకు ఫొటో పట్టుకెళ్లా. తోలు మీద రాసింది. సెయింట్ నికొలస్ పండక్కి, డిసెంబర్ 6న పాడే పాటలు. ఇలాంటి పుస్తకాన్ని మెనాయిన్ అంటారు, నెలకొకటి చొప్పున 12.

ప్రింటు చూసి గుండె జారింది. ఆ రాతల్లో ‘థియోస్’, అంటే దేవుడు, అన్న మాట పూర్తిగా రాయరు. మొదటి అక్షరం, చివరి అక్షరం రాసి నెత్తిన అడ్డగీత పెడతారు. కంప్యూటర్ దగ్గర కుర్రాడు ఆ గీతల్ని గీరుళ్లనుకుని శుభ్రంగా తుడిచేశాడు! పురుగు తిన్న కన్నం కూడా పూడ్చేశాడు. ‘నీట్‌గా చేశానండి’ అని నవ్వు ఒకటి.

ఓనరు మాత్రం వాదించలేదు. డబ్బులడక్కుండా మళ్లీ తీయించారు. రెండోసారి కన్నంతో సహా వచ్చింది. శీర్షికల ఎర్ర సిరా మొదట నారింజలా ఉండేది, ఇప్పుడు ఎండుమిరపకాయ రంగుకి దిగింది. టేకు ఫ్రేము మూలలు గోరు పెట్టినా దూరనంత బిగువు. లైటు మెరవని అద్దానికి అదనంగా తీసుకుంటారు, తీసుకోనివ్వండి, పెట్టించుకోవాల్సిందే.

పెదనాన్నగారు చూసి, ‘రాగం ఎక్కడ్రా?’ అన్నారు.

సాయంత్రం ఏడు దాటాక వెళ్లకండి, పెళ్లి ఆల్బమ్‌ల వాళ్లతో నిలబడ్డానికి చోటుండదు.