సాయ్ కుంగా, లే యూ మున్నా? హాంకాంగ్‌లో చేప తినాలంటే ఏది మేలు?

ఇండియా నుంచి చుట్టాలు వస్తున్నారంటే హాంకాంగ్‌లో ఉండే మనవాళ్లకి పట్టుకునే టెన్షన్ ఒకటే. డిస్నీలాండ్ ఒక రోజు, పెద్ద బుద్ధుడి విగ్రహం ఒక రోజు, అవి ఎలాగూ అయిపోతాయి. "ఇక్కడివాళ్లు తినే చేప ఒక్కపూటైనా తినిపించవా" అని బావగారు అడిగినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలి? ఎవర్ని అడిగినా రెండు పేర్లే చెబుతారు. ఒకటి సాయ్ కుంగ్, రెండోది లే యూ మున్. రెండూ ఒకప్పటి జాలరి ఊళ్లే, రెండు చోట్లా నీళ్ల తొట్టెల్లో చేపలు ఈదుతూ కనిపిస్తాయి, వండే తీరు కూడా ఒకటే, అచ్చమైన ఇక్కడి కాంటొనీస్ పద్ధతి. కానీ తిని బయటికొచ్చాక మనం ఏ మూడ్‌లో ఉంటామన్నది మాత్రం చాలా తేడా.

ముందు ఒక అపోహ తీసేయాలి. "అక్కడి చేప ఫ్రెష్, ఇక్కడిది కాదు" అని చాలామంది వాదిస్తారు. ఆ తొట్టెల్లో ఉన్న గ్రూపర్ అనే ఖరీదైన రకం చేపల్లో చాలా మటుకు ఎదురుగా కనిపించే సముద్రంలోంచి వచ్చినవి కావండీ. హాంకాంగ్ జలాల్లో పడవకి కట్టి ఈడ్చే ట్రాల్ వలలు 2012 డిసెంబర్ 31 నుంచి నిషేధం. ప్రాణంతో అమ్మే ఖరీదైన చేప ఇండోనేసియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి గానీ పెంపకం చెరువుల నుంచి గానీ వస్తుంది. కాబట్టి తొట్టె చూసి ఊరిని ఎంచుకోవడం దండగ. చూడాల్సింది బిల్లు ఎలా వేస్తారు, మీతో ఎవరున్నారు, బేరమాడే ఓపిక మీకు ఉందా లేదా, ఇవీ.

లే యూ మున్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. యావ్ టోంగ్ మెట్రో స్టేషన్లో దిగి ఓ పావుగంట నడిస్తే పడవలు ఆగే చిన్న రేవు, దాని పక్క నుంచి ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకోవాల్సినంత సందు. ఆ సందులో చేపల దుకాణాలు, హోటళ్లు కలగలిసి ఉంటాయి. పద్ధతి ఏంటంటే చేప దుకాణంలో కొనాలి, వంట పక్కనున్న హోటల్‌లో చేయించుకోవాలి. అంటే రెండు బిల్లులు. చేపకి ఒకటి, వండినందుకు ఇంకొకటి, అది కూడా వంటకాన్ని బట్టో బరువుని బట్టో లెక్క. ఇవి కాక టీకి మనిషికి ఇంత, టేబుల్ మీద అడక్కుండా పెట్టే వేరుశనగ పప్పులకి ఇంత, పైన పది శాతం సర్వీస్ చార్జీ. పప్పులు ఫ్రీ అనుకుని పిల్లలు రెండు ప్లేట్లు ఖాళీ చేశాక బిల్లులో చూసి నవ్వుకోవడం తప్ప చేసేదేం లేదు.

ఇక నా దెబ్బ. బోర్డు మీద ఎర్ర గ్రూపర్ 48 హాంకాంగ్ డాలర్లు అని రాసి ఉంది. కాటీకి 48 అనుకున్నాను. హాంకాంగ్ కాటీ అంటే సుమారు 605 గ్రాములు, మెయిన్‌లాండ్ చైనాలోలా 500 కాదు. అర కిలో పైన చేప 48 డాలర్లకే వస్తుందా అని ఆశ్చర్యపోయి, అడక్కుండా తల ఊపేశాను. తీరా చూస్తే అది టేల్‌కి ధర. కాటీకి పదహారు టేళ్లు, టేల్ అంటే 38 గ్రాములు కూడా లేదు. చేప కాటీ నాలుగు టేళ్లు తూగింది, అంటే ఇరవై టేళ్లు, 960 డాలర్లు. మన డబ్బుల్లో పది వేల పైనే, ఒక్క చేపకి! దుకాణంవాడు మోసం చేశాడని నేననను, బోర్డు మీద చిన్న అక్షరం ఉంది, నేను చదవలేదు, అంతే. కానీ ఆ రోజు ఆ చేపని నేనూ మా ఆవిడా ముళ్లతో సహా నాకి తిన్నాం.

మరి ఇంత చెప్పి లే యూ మున్ వద్దంటానా అంటే, అదీ కాదు. ఎవరికైతే చేపల మార్కెట్లో తిరగడం సరదానో, మొప్పలెత్తి చూసి, కళ్లు చూసి, "అది కాదు, ఆ వెనకది తియ్యి" అని వేలు చూపించి కొనడం అలవాటో, వాళ్లకి దీనికి మించిన చోటు లేదు. మా నాన్నగారు వచ్చినప్పుడు భాష రాకుండా చేతి సైగలతోనే గంటసేపు బేరమాడారు, అప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాల్సింది. కాకినాడ రేవులో పెరిగిన మనిషి మరి. సాయంత్రం అయిదున్నరకి వెళ్తే ఆ ఇరుకు జలసంధిలోంచి ఓడలు పోతుంటాయి, అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతాయి, సందు చివర తిన్ హావ్ సముద్ర దేవత గుడి ఉంటుంది. అక్కడ కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. కాటీకా టేల్‌కా అన్నది కాగితం మీద రాయించుకోండి. సంచిలో నీళ్లు వంచేశాక తూకం వేయమనండి. ఎంచుకున్న చేపకి ఒక ఫోటో తీసుకోండి. వంటకి ఎంత అన్నది హోటల్‌లో కూర్చోకముందే అడగండి. దుకాణంవాడు "మావాళ్ల హోటలే, రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు, వెళ్లొచ్చు, కానీ ధర తెలుసుకున్నాకే.

సాయ్ కుంగ్‌లో ఇంత గొడవ లేదు. ఒడ్డు వెంబడి పొడుగునా హోటళ్లు, చాలా హోటళ్ల ముందు వాటి సొంత తొట్టెలే గోడలా పేర్చి ఉంటాయి. గుమ్మం దగ్గర ఫోటోలతో సెట్ మెనూలు పెడతారు, ఇద్దరికి ఇంత, నలుగురికి ఇంత, ఆరుగురికి ఇంత అని. అందులో మామూలుగా ఉడకబెట్టిన రొయ్యలు, వెల్లుల్లి ముద్దా సన్న సేమ్యా వేసి ఆవిరి పట్టిన స్కాలప్ ఆల్చిప్పలు, చీజ్ నూడుల్స్ మీద లాబ్‌స్టర్, ఆవిరి చేప, ఒక ఆకుకూర, ఫ్రైడ్ రైస్ ఉంటాయి. అలాంటి చోట తొట్టెలు, వంట, బిల్లు అన్నీ ఒకరివే. తొట్టెలోంచి విడిగా చేప ఎంచుకుంటే మాత్రం ఇక్కడా ధర అడగాల్సిందే, ఎందుకంటే మెనూలో "సీ గా" అని ఉంటుంది, అంటే ఆ రోజు ధర.

సాయ్ కుంగ్‌లో నాకు హోటళ్ల కంటే నచ్చేది రేవు గట్టు. కింద చిన్న పడవల్లో జాలర్లు ట్రేలల్లో చేపలు పరిచి కూర్చుంటారు, పైన గట్టు మీద నిలబడి మనం కేకేసి అడగాలి, వాళ్లు శుభ్రం చేసి పొడవాటి కర్రకి ఉన్న వలలో పెట్టి పైకి అందిస్తారు, డబ్బులు కూడా ఆ వలలోనే కిందికి వెళ్తాయి. అక్కడి చిన్న చేపలు తొట్టెల్లోని గ్రూపర్లంత గొప్పగా కనిపించవు, కానీ స్థానిక రకాలు కావాలంటే దొరికేది అక్కడే. కొన్ని హోటళ్లు అవి తీసుకెళ్లినా వండి పెడతాయి, వంట ఖర్చు ఇస్తే చాలు.

సాయ్ కుంగ్‌తో చిక్కు దారి. మెట్రో లేదు. చోయ్ హుంగ్ మెట్రో స్టేషన్లో దిగి 1ఏ మినీబస్సు గానీ, డైమండ్ హిల్ నుంచి 92 బస్సు గానీ పట్టుకోవాలి. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో క్యూ చూస్తే తిన్నదంతా అరిగిపోతుంది. కానీ పొద్దున్నే వెళ్తే పడవెక్కి దీవులు చూడొచ్చు, ఆరు పలకల రాతి స్తంభాలున్న యునెస్కో జియోపార్క్ అటువైపే. పిల్లలుంటే ఇదొక్క కారణం చాలు.

లామా దీవి సంగతి కూడా అడుగుతారు. నగరం నడిబొడ్డున సెంట్రల్ అనే పేటలో నాలుగో నంబర్ రేవు నుంచి ఫెర్రీ, సోక్ క్వూ వాన్ అనే ఊళ్లో నీటి ఒడ్డున హోటళ్లు. పడవ ప్రయాణం కోసం వెళ్లండి, బాగుంటుంది. ఫెర్రీ టైమ్ చూసుకుంటూ తినడం నాకు పడదు, అందుకే ఇక్కడ దాన్ని పోటీలో పెట్టలేదు.

ఎక్కడికెళ్లినా ఏం ఆర్డర్ చేయాలన్నది ఇంకో ప్రశ్న. మనవాళ్లు మొదటిసారి ఆవిరి చేప చూడగానే కాస్త నీరసపడతారు. కారం లేదు, చింతపండు లేదు, పసుపు లేదు, అల్లం తురుము, ఉల్లికాడలు, మీద పొగలు కక్కే నూనె, సోయా సాస్. అంతే. పోయినసారి వచ్చినప్పుడు మా బావగారు "ఇది పేషంట్ భోజనమా" అన్నారు. మన చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది, ఇది దానికి పూర్తిగా రివర్స్, టేబుల్ మీదికి వచ్చిన అయిదారు నిమిషాల్లో తినకపోతే పని అయిపోయినట్టే. వెన్నెముక దగ్గర కండ ఇంకా కాస్త అంటుకుని ఉంటే పచ్చిగా ఉందని వెనక్కి పంపకండి, వాళ్ల లెక్కలో అదే సరైన పాకం. చెంపలో ఉండే చిన్న ముక్క పెద్దవాళ్లకి ఇస్తారు. ఒక పక్క తినడం అయ్యాక చేపని తిరగేయకూడదు, పడవ బోల్తా పడుతుందని జాలర్ల నమ్మకం, ముల్లు తీసి పక్కన పెట్టి అడుగు ముక్క తినాలి. బావగారు తిరగేయబోతే వెయిటరమ్మ పరుగెత్తుకొచ్చి ఆపేసింది.

కారం లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్లకి తైఫూన్ షెల్టర్ పీత చెప్పండి, వేయించిన వెల్లుల్లి కుప్పలా పోసి ఎండుమిర్చితో ఇస్తారు. ఒకప్పుడు కాజ్‌వే బేలో తుఫాను వస్తే పడవలు తలదాచుకునే చోట పుట్టిన వంట. ఆ వెల్లుల్లి పొడి మనం అన్నంలో కలుపుకుంటే నల్లకారం గుర్తొస్తుంది, ఒట్టు. మాంటిస్ రొయ్యలు ఉప్పూ మిరియాలతో వేయించింది కూడా హిట్టే. సో మే అనే పెద్ద పెదాల చేప మాత్రం ఎవరు చూపించినా వద్దనండి, అంతరించిపోతున్న రకం, 2004లో అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాబితాలోకి చేర్చారు. అలాగే మరీ పెద్ద పగడపు దిబ్బల చేప జోలికీ పోవద్దు, వాటిలో వంటతో పోని సిగ్వటెరా అనే విషం ఉండే ప్రమాదం ఎక్కువ, ముఖ్యంగా తల, తోలు, లోపలి భాగాల్లో. ఇద్దరు ముగ్గురికి కాటీ చేప చాలు.

శాకాహారులు వెంట ఉంటే రెండు చోట్లా కష్టమే, ఆకుకూర మీద కూడా ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. వెల్లుల్లితో మాత్రమే వేయించమని ముందే చెప్పాలి. సాయ్ కుంగ్‌లో చెబితే ఇంగ్లీషులో అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువ, నాకు తెలిసినంత వరకు.

కాబట్టి నా ఓటు సాయ్ కుంగ్‌కే, పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు. ఇద్దరు స్నేహితులు కలిసి, జేబులో క్యాష్, నాలుకపై నాలుగు కాంటొనీస్ ముక్కలు ఉంటే లే యూ మున్. వచ్చే నెల అక్కా బావా, బావగారి అమ్మగారూ వస్తున్నారు. ఆవిడ చేప ముట్టరు. సాయ్ కుంగ్‌లో టేబుల్ చెప్పేశాను, మంగళవారం మధ్యాహ్నానికి. ఆదివారం చెప్పేంత ధైర్యం నాకు లేదు.