మిద్దె తోట ఊరగాయలు: కారం కరెక్టు, మూతలే లూజు

ముందే చెప్తున్నా, కారం పడనివాళ్ళు ఈ ఊరగాయల జోలికి పోవద్దు. "కొంచెం కారం తగ్గించి పెట్టక్కా" అని అడిగి చూశా. "అన్నంలో తగ్గించి కలుపుకో నాయనా" అంది.

తిరుపతిలో కపిలతీర్థం వైపు ఒక ఇంటి మిద్దె మీద కుండీల్లో, పాత డ్రమ్ముల్లో కూరగాయలు పండించి, ఆ కాపుతోనే ఊరగాయలు పెట్టి అమ్ముతోంది ఈ అక్క. బోర్డు లేదు, దుకాణం లేదు, ఎవరో ఒకరు చెబితే ఫోన్ చేసి ఇంటికెళ్ళి తెచ్చుకోవడమే. పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దంది కాబట్టి పెట్టడం లేదు. ఉన్న కాపుకే ఆర్డర్లు ఎక్కువైపోయాయట.

అసలు చెప్పాల్సింది పండుమిరపకాయ తొక్కు గురించి. మిరపకాయలు చెట్టు మీదే ఎర్రగా పండేదాకా ఆగి, తొడిమలతో సహా కోసి, తొడిమలతోనే కడుగుతుంది. తొడిమ తీసి కడిగితే ఆ బొక్కలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, తర్వాత బూజు పట్టాక ఉప్పు తక్కువైందని ఏడవాలి. కడిగిన కాయల్ని గుడ్డ మీద నీడలో ఆరబెట్టి, ఒక్కో కాయనీ పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు తొడిమ తీస్తుంది. ఉప్పు, పసుపు, చింతపండు వేసి దంచి జాడీలో పెట్టి, మూడో రోజు తీసి మళ్ళీ నూరి, మెంతిపిండి కలిపి, శనక్కాయ నూనెలో వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెట్టి, ఆ తాలింపు పూర్తిగా చల్లారాకే కలుపుతుంది. నువ్వుల నూనె వెయ్యాలనేవాళ్ళు కోస్తా చుట్టాల దగ్గర తెప్పించుకోండి, మా వైపు నాలుకకి శనక్కాయ నూనె వాసనే కావాలి. వేడి రాగి సంగటిలో గుంట చేసి, ఈ తొక్కు, నెయ్యి వేసుకుంటే ఇంకో కూర అవసరం లేదు.

కారం మాత్రం మామూలుగా ఉండదు. గింజలు తీసేస్తే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ, కారం ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో, అక్క దాన్ని తీసే రకం కాదు. మా బావ మొదటి ముద్దకే చెంబుడు నీళ్ళు తాగేశాడు. మిరప కారం నీళ్ళలో కరగదు, పెరుగో నెయ్యో తింటేనే దిగుతుంది, ఆ మాట చెప్పేలోపే ఆయన రెండో చెంబు ఎత్తాడు.

టమోటా ఊరగాయ రెండో స్థానం. నాటు టమోటాలే, చిన్నవి, తోలు పల్చన, పులుపు బాగా ఉంటుంది. మదనపల్లె మార్కెట్లో రేటు పడిపోయిన వారం ఊరంతా హైబ్రిడ్ కాయలు తెచ్చి ఊరగాయ పెడుతుంది కదా, ఆ గట్టి తోలు కాయలకి పులుపు తక్కువ, దానికోసం చింతపండు దట్టించాల్సి వస్తుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. ముక్కలకి ఉప్పు పట్టించి పిండితే దిగిన రసంలోనే చింతపండు నానబెడుతుంది, బయటి నీళ్ళు ఒక్క చుక్క కూడా పడవు. ముక్కల్ని మిద్దె మీద తెల్ల పంచె మీద పరిచి ఎండబెడుతుంది. నేను కత్తిరి ఎండల్లో వెళ్ళినప్పుడు చూశా, అంచులు ముడుచుకుపోయి ఎండుద్రాక్షలా నల్లబడుతున్నాయి, పక్కనే అక్క నెత్తిన తడిగుడ్డ వేసుకుని కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. కోతులకి కాపలా. శేషాచలం కొండ పక్కన మిద్దె తోట పెట్టినవాళ్ళందరికీ ఉండే టెన్షనే ఇది. టమోటాలకి వల కట్టింది, మిరప కుండీలు మాత్రం పిట్టగోడ వెంబడి బయటే ఉన్నాయి, వాటిని ఏ కోతీ ముట్టుకోదట!

మిగతావాటిలో గోంగూర బాగుంది. కాకరకాయ పర్వాలేదు, వేయించడం ఇంకొంచెం ఎక్కువ కావాలి, నమిలితే మధ్యలో మెత్తగా తగిలింది. నిమ్మకాయ నాకు నచ్చలేదు, ఉప్పు మరీ ఎక్కువ, పెరుగన్నంలో కూడా మింగలేకపోయా.

మామిడి విషయంలో ఆమె నిజాయితీ నచ్చింది. "ఇది మిద్దె మీదిది కాదు, చుట్టాల తోపులోది" అని అడక్కముందే చెప్పేసింది. చిత్తూరు చుట్టుపక్కల తోపుల్లో ఎక్కువగా ఉండేది తోతాపురి, అది గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే కాయ, అప్పటికప్పుడు తినే ముక్కల ఊరగాయకి పనికొస్తుంది గానీ ఏడాది నిల్వుండే ఆవకాయకి ఆ పులుపు చాలదు. ఈమె పీచు ఉన్న పుల్ల నాటుకాయే తెప్పిస్తుంది. కొత్తలో చేదుగా ఉందని కంగారు పడకండి, అది ఆవపిండి చేదు, జాడీలో ఊరేకొద్దీ పోతుంది.

ఇప్పుడు కంప్లెయింట్లు. ప్లాస్టిక్ డబ్బాల మూతలు సరిగ్గా బిగియవు. బస్సులో చిత్తూరు తీసుకెళ్ళేసరికి బ్యాగు, అందులోని చీర, రెండూ నూనె అయిపోయాయి, ఇంట్లో నాకు పడిన తిట్లు అక్కకి కూడా వినిపించాల్సింది. నూనె కారిపోతే బట్టలతో అయిపోదు, ఊరగాయ మీద నూనె తేలకుండా ముక్క గాలికి తగిలితే బూజు మొదలవుతుంది. నేను ఇంటికెళ్ళగానే నూనె కాచి చల్లార్చి పైన పోశా కాబట్టి సరిపోయింది. డబ్బా మీద పెట్టిన తేదీ ఉండదు, తిండి సరుకులు అమ్మేవాళ్ళకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా లేదు. అడిగితే అప్లై చేస్తానంది. డబ్బు తీసుకుని అమ్ముతున్నప్పుడు అది ఉండాల్సిందే అని నేను గట్టిగానే చెప్పాను, కొంచెం ముఖం మాడ్చుకుంది, అయినా చెప్పడం మానలేదు.

రేటు పండుమిరప అరకిలో 260, టమోటా 220. సూపర్ మార్కెట్ సీసాతో పోల్చుకుంటే ఎక్కువే. పిట్టగోడ మీద కాసే కాపు ఎంత, అందులో తొక్కు అయ్యేది ఎంత అని చూస్తే నాకు ఎక్కువనిపించలేదు.

ఇంకో సంగతి, ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు. మనకి ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో గుర్తుండే ఉంటుంది. ఆ నెలల్లో ఆమె ఊరగాయ పెట్టదు, ఎంత బతిమాలినా సరే. కార్తీక మాసంలో ఫోన్ చేస్తే "ఎండుంటే ఊరగాయ, లేకుంటే ఊరకే ఉండాల" అని పెట్టేసింది. డ్రయ్యర్ కొనుక్కోవచ్చు కదా అని మా తమ్ముడి సలహా. వద్దు బాబూ, ఆ రుచి రాదని నా అనుమానం.

వేసవిలో, అంటే మార్చి నుంచే ఫోన్ చేసి చెప్పి పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు సొంత గాజు సీసా తీసుకెళ్ళండి, మూత సమస్య తీరిపోతుంది, డబ్బా ధర 15 రూపాయలు కూడా తగ్గిస్తుంది. సీసా మాత్రం ఎండలో పెట్టి, లోపల బాగా తుడిచి పట్టుకెళ్ళాలి. వేలు పెట్టి చూస్తుంది. తడి తగిలిందని నా ముందున్నాయన్ని వెనక్కి పంపేసింది.