ఉద్యోగం పోయాక తీసుకున్న ఆరు వారాల శిక్షణ: ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు

ఆర్డర్లు సగానికి పడిపోయాయన్న కారణంతో మా కొనుగోళ్ల విభాగంలోని పదకొండు మందిలో ఏడుగురిని ఒకే రోజు తొలగించినప్పుడు, తొమ్మిదేళ్లు ఒకే చోట పనిచేసిన నేను ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో కూడా మరచిపోయానని తెలిసివచ్చింది. ఆ అయోమయంలోనే, మాంద్యంలో ఉద్యోగం కోసం చూస్తున్నవారికని ప్రత్యేకంగా రూపొందించామని చెప్పుకునే ఒక ఆన్‌లైన్ శిక్షణలో చేరాను. ఆరు వారాలు, వారానికి రెండు గంటల తరగతి, పన్నెండు మంది జట్టు, ఒకసారి రెజ్యూమే దిద్దడం, రెండు నమూనా ఇంటర్వ్యూలు, ఇదీ వారు ఇచ్చేది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి శిక్షణలు చాలావరకు ఒకే అచ్చులో నడుస్తున్నాయి కాబట్టి, ఇందులో ఏ భాగం డబ్బుకు తగినదో, ఏది కాదో చెప్పడమే చేరాలనుకునేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదటి వారం మొత్తం ‘దృక్పథం’ మీద నడిచింది. శిక్షణలోకెల్లా బలహీనమైన భాగం అదే. అవకాశాలు లేవనుకోవడం మన మనసు అల్లుకున్న కథ మాత్రమేనని శిక్షకుడు పదేపదే చెప్పారు. 2020 మార్చిలో అమెరికాలో 4 శాతం పైచిలుకు ఉన్న నిరుద్యోగం ఏప్రిల్‌కల్లా 14 శాతం దాటింది. కోట్లాది మంది మనోధైర్యం ఒక్క నెలలో కట్టగట్టుకుని సడలిపోయిందని ఎవరైనా నమ్ముతారా? ఉద్యోగం పోయినవారు తప్పంతా తమ మీదే వేసుకుని కుమిలిపోతున్న సమయంలో ఇటువంటి బోధ ధైర్యం ఇవ్వకపోగా, ఉన్న కాస్త ధైర్యాన్నీ తీసుకుపోతుంది. మా జట్టులో ఒకరు రెండో తరగతి నుంచి రావడమే మానేశారు.

అదే తరగతిలో, రెజ్యూమేలోని ఖాళీ నెలలను ఎలాగోలా కప్పిపుచ్చాలని కూడా సలహా ఇచ్చారు. దీనికి విరుద్ధమైన సంగతి ఒకటి పరిశోధనల్లో ఉంది. అమెరికాలోని వంద నగరాల్లో దాదాపు 3,000 ఉద్యోగ ప్రకటనలకు 12,000 కల్పిత రెజ్యూమేలు పంపి చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. నిరుద్యోగం మొదటి ఎనిమిది నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గుతాయన్నది అందులో తేలిన మొదటి విషయం. మార్కెట్టే దెబ్బతిన్న చోట ఖాళీకి పడే శిక్ష తక్కువగా ఉంటుందన్నది రెండోది. అందరికీ ఉద్యోగాలు పోతున్నప్పుడు ఖాళీని చూసి అభ్యర్థి అసమర్థతను ఊహించుకునేవారు తగ్గుతారన్నమాట. నేను నెల, సంవత్సరం దాచకుండా రాశాను, అడిగినవారికి విభాగం కుదింపు అని ఒక్క మాటలో చెప్పాను. ఎవరూ అంతకుమించి తవ్వలేదు.

రెండో వారంలో ఇచ్చిన దినచర్య పట్టికను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. చేరకముందు నేను తెల్లవారి ఆరింటికి ఫోన్ తెరిచి, రాత్రి పన్నెండు దాకా అవే ప్రకటనలు తిప్పి తిప్పి చూసేవాణ్ణి. రోజంతా పని చేసినట్టే ఉండేది, వారం చివర లెక్క చూసుకుంటే పంపిన దరఖాస్తులు నాలుగు. పట్టిక ప్రకారం ఉదయం రెండున్నర గంటలు దరఖాస్తులకు, గంట మనుషులతో మాట్లాడటానికి, గంటన్నర ఒక కొత్త పని నేర్చుకోవడానికి కేటాయించి, మూడింటికి కచ్చితంగా ఆపేయాలి. ఆపేయమన్న నియమమే అందులో అసలు తెలివి.

ఆస్ట్రియాలోని మరియెన్‌తాల్ అనే ఊళ్లో 1930 ప్రాంతంలో బట్టల మిల్లు మూతపడ్డాక పరిశోధకులు అక్కడి మనుషులను దగ్గరగా గమనించారు. తీరిక విపరీతంగా దొరికినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లేవారు తగ్గిపోయారు. వీధిలో నడిచే మగవాళ్ల నడక మందగించింది, దారిలో మాటిమాటికీ ఆగేవారు. ఆ వివరాలు చదివినప్పుడు, పట్టిక లేని నా మొదటి నెల ఎలా గడిచిందో కళ్లముందు కనిపించింది. అయితే ఇంతటి మంచి పట్టిక ఎందుకు పనిచేస్తుందో శిక్షకుడు ఒక్క వాక్యంలోనైనా వివరించలేదు. కాగితం చేతికిచ్చి తరువాతి అంశానికి వెళ్లిపోయారు.

రెజ్యూమే సేవ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నూటికి డెబ్బై అయిదు రెజ్యూమేలను, దరఖాస్తుల వడపోతకు సంస్థలు వాడే సాఫ్ట్‌వేరే తిరస్కరిస్తుందని భయపెట్టారు. ఆ అంకె ఎక్కడిదని అడిగితే జవాబు రాలేదు. ఆ వడపోత దాటాలని ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ ఏరి నా రెజ్యూమేలో కుక్కితే, చివరికి అది నాకే అర్థం కాకుండా తయారైంది. పనికొచ్చిన దిద్దుబాటు ఒక్కటే. ‘సరఫరాదారుల వ్యవహారాలు చూసేవాణ్ణి’ అన్న నా వాక్యం కింద గీత గీసి, ‘చూసి ఏం చేశారు?’ అని పక్కన రాశారు. ‘పద్నాలుగు మంది సరఫరాదారులను ఆరుగురికి కుదించి, సరుకు చేరే గడువును ఇరవై రెండు రోజుల నుంచి పదమూడుకు తగ్గించాను’ అని మార్చాను. ఖర్చు తగ్గించేవారి కోసమే సంస్థలు చూస్తున్న కాలంలో ఆ వాక్యం చదివినవారెవరూ ఊరికే దాటిపోలేదు.

పరిచయాల మీద జరిగిన నాలుగో తరగతి బాగుంది. సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికించుకున్నవారిలో దాదాపు 17 శాతానికే అది తరచుగా కలిసేవారి వల్ల వచ్చింది. మిగతా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు, లేదా ఎంతో అరుదుగా కలిసేవారి నుంచే కబురు అందింది. మాంద్యంలో ఇది మరింత నిజమని నాకు అనిపించింది. నా దగ్గరి స్నేహితులంతా నాతోపాటే రోడ్డున పడ్డవారు, వాళ్లకు తెలిసినదంతా నాకూ తెలుసు. ‘ఏదైనా ఉంటే చూడండి’ అన్న మాట అసలు వాడవద్దని శిక్షకుడు చెప్పడం నాకు నచ్చింది, ఎందుకంటే ఆ మాటకు ‘తప్పకుండా’ అనడం తప్ప అవతలివారు చేయగలిగేది ఏమీ ఉండదు. దాని బదులు, ‘మీ దగ్గర కొనుగోళ్లలో ఇప్పుడు ఏ పనికి మనుషులు చాలడం లేదు?’ అని ఇరవై ముగ్గురు పాత పరిచయస్తులకు రాశాను. తొమ్మిది మంది జవాబిచ్చారు. వారిలో ఒకరు, ఆరేళ్లుగా మాటలు లేని ఒక పాత సరఫరాదారు, గోదాము నిల్వల లెక్క తేల్చే ఆరు నెలల కాంట్రాక్టు పని ఇప్పించారు.

తక్కువ జీతానికి ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్న తరగతిలో పెద్ద వాదనకే దారితీసింది. వచ్చినదాన్ని పట్టుకోమని శిక్షకుడు తేల్చేశారు. సగం మాటే అది. మాంద్యంలో చదువు ముగించిన కెనడా పట్టభద్రుల ఆదాయ నష్టం పూడడానికి పదేళ్లు పట్టిందనీ, పూడింది కూడా చాలావరకు మెరుగైన సంస్థలకు మారడం వల్లనేననీ ఒక అధ్యయనం చూపింది. చిన్న పనికి చేరవచ్చు గానీ, చేరిన రోజు నుంచే వెతుకులాట ఆపకూడదన్న రెండో సగం కూడా అక్కడ చెప్పి ఉండాల్సింది.

నమూనా ఇంటర్వ్యూల్లో మొదటిది నన్ను సిగ్గుపడేలా చేసింది. ‘ఏడుగురిలో మీరెందుకు ఉన్నారు?’ అన్న ప్రశ్నకు నేను నాలుగు నిమిషాలు మాట్లాడానని గడియారం చూపించారు. అందులో పాత మేనేజర్ మీద ఫిర్యాదే రెండు నిమిషాలు. రెండో ప్రయత్నంలో జవాబును మూడు వాక్యాలకు కుదించాం. మొదట విభాగం ఎంత చిన్నదయిందో, తరువాత నేను వదిలిన పని ఏ స్థితిలో ఉందో, చివరగా ఇప్పుడు ఏం చేయగలనో. ఈ ఒక్క గంట కోసం ఫీజులో మూడో వంతు ఇచ్చినా నాకు బాధ లేదు.

ఫిర్యాదు ఒకటి మిగిలింది. తరగతుల రికార్డింగులు ఆరు నెలలపాటు చూసుకోవచ్చని చేరేటప్పుడు చెప్పి, శిక్షణ ముగిసిన రెండు వారాలకే తలుపులు మూసేశారు. మూడు మెయిళ్లకు జవాబు లేదు, నాలుగోదానికి తరువాతి బ్యాచ్ రాయితీ ప్రకటన వచ్చింది. చేరాలనుకునేవారు మొత్తం శిక్షణకు కాక, విడిగా ఇస్తారేమో అడిగి నమూనా ఇంటర్వ్యూలను, పరిచయాల తరగతిని మాత్రమే తీసుకోవడం మేలు. దినచర్య పట్టికను ఎవరికి వారు ఒక నోటుపుస్తకంలో గీసుకోవచ్చు. నాది ఇప్పటికీ నడుస్తోంది, కాంట్రాక్టు పని వల్ల ఉదయపు గంటలు సాయంత్రానికి మారాయంతే.