ఐటీఐనా, పాలిటెక్నిక్కా? మా అనంతపురం వైపు పిల్లోళ్లకు ఏది మేలు?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చినాయంటే చాలు, ఇటు తాడిపత్రి అటు గుంతకల్లు నుంచి తెలిసినోళ్లంతా అడిగేది ఒకటే, అన్నా మావాణ్ణి ఐటీఐలో వేయాలా పాలిటెక్నిక్‌లో వేయాలా అని. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, లెక్కలంటే భయం లేని పిల్లోడైతే పాలిటెక్నిక్కే, మూడేళ్ల డిప్లొమా అయినాక ఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు, రైల్వేలో జేఈ (జూనియర్ ఇంజనీర్) కావాలన్నా కనీసం డిప్లొమా ఉండాల్సిందే.

కానీ నేను ముందు చూసేది చేతిపని. ఐటీఐలో ఫిట్టర్, అంటే మిషన్ భాగాలు బిగించే పని, నేర్చుకోను చేరినోడు మొదట్లో చేసేదంతా ఇనుప ముక్కను వైస్ అనే పట్టుడు పరికరంలో బిగించి ఆకురాయితో రుద్దడమే, ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి పైకెత్తి చూస్తే సందులో వెలుతురు కనపడకూడదు, కనపడిందా మళ్లీ రుద్దు. మహా విసుగు. కానీ చెయ్యి కుదిరేది అక్కడే. డిప్లొమాలోనూ వర్క్‌షాప్ ఉంటది గానీ వారానికి కొన్ని గంటలు, అందులో సగం రికార్డు రాయడానికే పోతది. తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీలైనా, 2019లో పెనుకొండ దగ్గర కియా మొదలైనాక చుట్టూ వచ్చిన విడిభాగాల కంపెనీలైనా, మిషన్ ఆగిందంటే ముందు కేకేసేది ఫిట్టర్‌నో ఎలక్ట్రీషియన్‌నో కదా.

గుత్తి లోకోషెడ్ చూస్తా పెరిగినోళ్లకు రైల్వే మీద ఆశ ఎట్లా ఉంటదో చెప్పక్కర్లేదు. 2024 నోటిఫికేషన్‌లో టెక్నీషియన్ గ్రేడ్-3కి ఐటీఐ అడిగినారు, దాని బదులు డిప్లొమా, బీటెక్ చెల్లవు అన్నారు. అసిస్టెంట్ లోకో పైలట్‌కైతే రెండూ చెల్లుతాయి.

ఇంటర్ ఎంపీసీ అంటారా, తర్వాత బీటెక్ చదివించే స్తోమత ఉంటేనే. మూడు నెలల స్కిల్ కోర్సులు ఖాళీగా ఉండే బదులు పనికొస్తాయి, అంతే.

ఇంట్లో తొందరగా సంపాదన కావాలంటే నా ఓటు ఐటీఐకే, ఫిట్టర్ గానీ ఎలక్ట్రీషియన్ గానీ, రెండేళ్లు. వెల్డర్ ఏడాదిలో అయిపోతది గానీ కళ్లకు, ఊపిరితిత్తులకు కష్టం. అయినాక అప్రెంటిస్ మాత్రం వదలొద్దు, స్టైపెండ్ వస్తది, ఫ్యాక్టరీ పనీ తెలుస్తది. చదువు ఆగిపోతదని భయం వద్దు, బ్రిడ్జి కోర్సు పాసైతే డిప్లొమా సెకండియర్‌లోకి పోవచ్చు. ప్రైవేటు ఐటీఐ అయితే డబ్బు కట్టేముందు వర్క్‌షాప్‌లోకి పోయి లేత్ ఆన్ చేయించి చూడండి, కరెంటు లేదు సార్ అన్నారంటే ఇంకో కాలేజీ చూసుకోండి.