బ్రేక్ ఆయిల్ మార్చే వన్‌వే వాల్వ్ సీసా: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా హ్యాచ్‌బ్యాక్‌కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) కూడా ఉంది. రెండేళ్లకోసారి దాని బ్రేక్ ఆయిల్‌ని విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే మారుస్తున్నాను. అందుకు ఆటోనగర్‌లో కొన్న వన్‌వే వాల్వ్ సీసా వాడతాను. ఖరీదు కొన్ని వందలే. పాత ఆయిల్ తీసి కొత్తది ఎక్కించడానికి ఇది చాలు. చివర్లో మాత్రం ఇంకో మనిషి సాయం కావాలి.

సీసా గొట్టాన్ని చక్రం దగ్గరి బ్లీడింగ్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే చిన్న మరకి) తొడిగి, నిపుల్‌ని కొంచెం వదులు చేసి, వెళ్లి పెడల్ నొక్కాలి. నొక్కితే పాత ఆయిల్ సీసాలోకి పోతుంది. వదిలితే వాల్వ్ మూసుకుంటుంది, గాలి వెనక్కి పోదు. పెడల్‌ని నేల దాకా తొక్కకండి, కింద చెక్కముక్క పెట్టుకోండి. పాత కార్లలో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలవైపు తోసే భాగం) చివర తుప్పు పట్టి ఉంటే సీల్ చిరిగే ప్రమాదం ఉంది.

అంతకుముందు చేతి వాక్యూమ్ పంపు వాడాను. నాకు నచ్చలేదు. అది లాగుతున్నప్పుడు నిపుల్ మరచుట్ల సందుల్లోంచి బయటి గాలి కూడా వస్తుంది. గొట్టంలో బుడగలు ఆగవు. లైన్లో నిజంగా గాలి ఉందో లేదో తెలియక ఒకటే టెన్షన్. పెడల్‌తో చేస్తే ఆ గోల చాలా తక్కువ.

ఇంత శ్రమ ఎందుకంటే, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున మన ఊళ్లో తేమకి కొదవ లేదు. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆ తేడా తెలియదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, పెడల్ దూది మీద కాలేసినట్టు లోపలికి పోతుంది. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే బండిలో ఆ పరిస్థితి రానివ్వకూడదు.

సీసా లోపాలు కూడా చెప్పాలి. కొన్నాళ్లకి గొట్టం గట్టిపడి నిపుల్ మీద వదులవుతుంది, కేబుల్ టై బిగిస్తే ఆగుతుంది. వాల్వ్ రబ్బరు కూడా పాతబడితే సరిగ్గా మూసుకోదు. ఆ సంగతి బయటికి కనపడదు. అందుకే చివర్లో మా తమ్ముణ్ని పెడల్ మీద కూర్చోబెడతాను. తను తొక్కి పట్టుకుంటాడు, నేను నిపుల్ వదిలి బిగిస్తాను, ఆ తర్వాతే కాలు తీస్తాడు. ప్రతి చక్రానికీ ఇలా ఒకట్రెండు సార్లు చేస్తే అనుమానం తీరిపోతుంది.

వెనక డ్రమ్ముల నిపుల్స్ తుప్పుతో బిగుసుకుంటాయి. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రింగు స్పానర్ వాడండి. మామూలు స్పానర్‌తో అంచులు అరిగిపోతాయి. మా కారుకి ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాలి, మీ కారు వరుస మాన్యువల్‌లో చూసుకోండి. జాకీ ఒక్కటే నమ్మొద్దు, స్టాండు పెట్టండి. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. సీలు తీసి చాలాకాలం ఉంచిన ఆయిల్ డబ్బా మళ్లీ వాడకండి.

ఈ పని మొత్తంలో నేను కళ్లలో వత్తులు వేసుకుని చూసేది బానెట్ కింద ఉన్న ఆయిల్ ట్యాంకునే. మట్టం కనీస గీత దాకా రాకముందే కొత్త ఆయిల్ పోస్తుంటాను. అది ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరితే ఈ సీసాతో తీయడం కష్టం. చాలా కార్లకి స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరంతో) లోపలి పంపుని, వాల్వుల్ని ఆడించాల్సి వస్తుంది. అప్పుడు బండిని నడపకుండా, వేరే బండితో లాగించి గ్యారేజీకి చేర్చాలి.